ముప్పయ్యో తారీఖులోపు

"డబ్బాలు మళ్లీ ఎవరు మార్చారు?" అంది దర్జీ భార్య, వంటింటి గుమ్మంలో నిలబడి.

దర్జీ నాలుక కరుచుకున్నాడు. మార్చింది అతనే. ఏడేళ్లుగా పంచదార ఉండే చోట చెయ్యి పెడితే ఉప్పు తగిలింది. అలవాటు కొద్దీ అన్నీ పాత వరసలోకి జరిపేశాడు. నిన్న మధ్యాహ్నమంతా కూర్చుని ఆవిడ ముచ్చటపడి సర్దుకున్న అల్మారా అది.

ఆవిడ పరాయి దేశంలో ఏడేళ్లు ఓ పెద్దాసుపత్రి లాండ్రీలో సూపర్‌వైజరుగా చేసి వచ్చింది. అక్కడ నలభై మంది ఆవిడ మాట మీద నడిచేవారట. ఇక్కడున్నది ఇద్దరే, మొగుడూ పదహారేళ్ల కూతురూ. ఆ ఇద్దరికీ ఆవిడ మాటతో పనే పడటం లేదు.

వండబోతే, "నువ్వు కూర్చో అమ్మా, నాకలవాటే" అనేది కూతురు. నీళ్ల మోటారు వేయబోతే దర్జీ అప్పటికే వేసి, కట్టేసి కూడా ఉండేవాడు. ముందుగదిలో కుట్టుమిషను, వెనక వంటిల్లు, మధ్యగదిలో చుట్టపుచూపుగా వచ్చినట్టు ఆవిడ. ఊసుపోక పక్కలు సర్దేది. అదీ ఆసుపత్రి పద్ధతిలోనే, దుప్పటి అంచులు పరుపు కిందకి బిగించి మరీ దోపేది. అందులోకి కాళ్లు దూర్చడానికి దర్జీ రోజూ ఓ కుస్తీ పట్టేవాడు.

రెండు నెలలైనా అక్కణ్నుంచి తెచ్చిన పెట్టె సగమే ఖాళీ అయింది.

ఓ రోజు ఫోన్ మోగితే ఆవిడ మేడ మీదకి వెళ్లి మాట్లాడి వచ్చింది.

"మా మేనేజరు," అంది తువ్వాలు మడతపెడుతూ. "ముప్పయ్యో తారీఖులోపు వస్తానంటే నా సీటు నాకే ఉంచుతుందట."

"నువ్వేమన్నావు?"

"ఆలోచించి చెప్తానన్నాను. ఇక్కడ మాత్రం నాకేం పనుందండీ?"

వెళ్లొద్దనే మాట దర్జీకి నోటిదాకా వచ్చింది. కానీ ఏడేళ్ల కిందట బతిమాలి పంపింది తనే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వద్దంటాడు? మింగేశాడు.

కూతురికి ఆ మొహమాటాలేం లేవు. ముందుగదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"నాన్నా, మనకన్నీ వచ్చేయడమే మన తప్పు. రేపట్నించి మనకేదీ రాకూడదు."

మర్నాడు పాలు రెండుసార్లు పొంగిపోయాయి. కూరలో ఉప్పు ఎంత పడిందంటే, వేసిన దర్జీయే మొదటి ముద్దకి కళ్లు తేలేశాడు. కూతురికి స్కూలు యూనిఫాం కనబడలేదు. తనే దాన్ని బియ్యం డబ్బా వెనక దాచింది మరి. మోటారు కట్టేయడం మర్చిపోతే నీళ్లు మెట్ల మీదుగా వీధిలోకి నడిచాయి.

"ఏడేళ్లు ఎలా బతికారండీ మీరిద్దరూ?" అంది ఆవిడ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంటూ.

"ఏదో అలా నెట్టుకొచ్చాం," అన్నాడు దర్జీ వీలైనంత దీనంగా.

వారం తిరిగేసరికి డబ్బాలు ఆవిడ వరసలోకి వచ్చేశాయి. ఈసారి వాటిని ముట్టుకునే ధైర్యం ఎవరూ చేయలేదు. మోటారు స్విచ్చి పైన గోడకి వేళల కాగితం అంటుకుంది. కూతురు అట్లకాడ పట్టుకుంటే చాలు, "నువ్వు జరుగు" అని కేక వినిపించేది. పిల్ల జరుగుతూ తండ్రికి కన్ను కొట్టేది.

ఇరవయ్యో తారీఖు దాటాక దర్జీకి నిజంగానే చేతులాడటం మానేశాయి. భయం కొద్దీ ఓ ఖాతాదారుడి చొక్కాకి రెండూ ఎడమచేతులే కత్తిరించాడు. అది మాత్రం నాటకం కాదు. ఆవిడ ఆ గుడ్డముక్కలు ఎత్తి చూసి, కాసేపు నవ్వాపుకోలేకపోయింది. తర్వాత ఓ స్టూలు తెచ్చుకుని మిషను పక్కనే కూర్చుంది. ఆ రోజు నుంచి కుట్టిన ప్రతి చొక్కా ఆవిడ చేతుల మీదుగానే మడతపడి బయటికి వెళ్లింది. మడతలు చెదురుతాయని తొడుక్కోవడానికి మనసొప్పడం లేదన్నాడు ఒకాయన.

ఇరవై ఎనిమిదో తారీఖు పొద్దున ఆవిడ పెట్టెలో మిగిలిన బట్టలన్నీ బీరువాలోకి మార్చేసి, ఖాళీ పెట్టెని అటక మీదకి ఎక్కించమంది.

"మరి మీ మేనేజరు?" అన్నాడు దర్జీ, పెట్టె గట్టిగా పట్టుకుని.

"సీటు పోతే పోయింది. మిమ్మల్నిద్దర్నీ ఇలా వదిలేసి వెళ్తే నెల తిరక్కుండా ఇల్లు కూల్చేస్తారు," అని విసుక్కుంటూ ఆవిడ మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్లింది.

దర్జీకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కూతురు నిచ్చెన పట్టుకుని కిసుక్కుమంది. ఇన్నాళ్లకి ఒక్క పనైనా తన తెలివితో గట్టెక్కించానని అతనికి ఛాతీ రెండంగుళాలు పొంగింది.

అప్పుడే బల్ల మీద ఆవిడ ఫోన్ మోగింది. తెర మీద 'మేనేజర్ మేడమ్' అని పడింది.

దర్జీ నిచ్చెన దిగాడు. పెళ్లాన్ని మళ్లీ మెత్తబరచడానికే చేసిందనుకున్నాడు. ఇక మొహమాటపడే ఓపిక లేదు. గొంతు సవరించుకుని, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కూడదీసుకుని ఫోనెత్తాడు.

"మై వైఫ్ నో కమింగ్, మేడమ్. ఫినిష్."

అటువైపు నుంచి శుభ్రమైన తెలుగులో ఓ ఆడగొంతు అయోమయంగా అడిగింది:

"ఎక్కడికి రాదు బావగారూ, ఆ లాండ్రీ మూసేసి అక్కనీ నన్నూ ఒకే రోజు ఇంటికి పంపించేసి మూడు నెలలైంది కదా?"