మిద్దింటి తుపాకి

ప్రేమయ్య చెవులకు తగిలించుకున్న యంత్రం గుయ్‌మంది.

అది యుద్ధంలో భూమిలోని మందుపాతరలు పసిగట్టిన యంత్రం. ఆలూరు పక్కనున్న ఆ ఊరికి తెల్లదొరల కాలంలో నీటి గొట్టం ఒకటి వేశారు. అది భూమిలో ఎటు పోయిందో ఎవరికీ గుర్తు లేదు. వెతికి పెట్టమని, పటాలంలో పనిచేసి వచ్చిన ప్రేమయ్యను కర్నూలు నుంచి పంపారు. వెంట ఉండమని గ్రామ మునసబు శేషన్నకు తాఖీదు వచ్చింది. యాభై అయిదో సంవత్సరం ఎండాకాలం.

గుట్ట పక్కన మూరెడు లోతు తవ్వించారు. దొరికింది గొట్టం కాదు. చివికిపోయిన గోనెపట్టలో చుట్టిన తుపాకి.

చెక్కను చాలావరకు చెదలు తినేశాయి. ఇనుము మిగిలింది.

"పాలెగాళ్ళ కాలందేమో" అన్నాడు శేషన్న.

"కాదు. వాళ్ళవి వత్తి అంటించి పేల్చేవి. ఇదో, ఈ మొటిమ మీద రాగి టోపీ పెడతారు. దీన్ని టోపీ తుపాకి అంటారు. అంత పాతదేం కాదు" అన్నాడు ప్రేమయ్య. "తుప్పు రాలిస్తే ముద్ర ఏదన్నా కనపడతాది."

సుత్తి అందుకున్నాడు.

"కొట్టద్దప్పా. దాంట్లో మందుండాది."

మాట దారి పక్క నుంచి వచ్చింది. పొద్దున బస్సు దిగి, తుమ్మచెట్టు నీడలో మూట పక్కన పెట్టుకుని కూర్చున్న ముసలాయన. ఆయనెవరో ఇద్దరికీ తెలియదు.

ప్రేమయ్య నవ్వాడు. "ఆరేండ్లు తుపాకులతోనే కాపురం చేసినా పెద్దాయనా. ఇన్నేండ్లు మట్టిలో ఉంటే మందు నిలుస్తాదా?"

"మూతికి మైనం బిరడా ఉండాది, గీకి చూడు. నీళ్ళు పోవు. బిరడా తీసి లోపలికి పుల్ల దించు. లోపలి కొలత, బయటి కొలత ఒకటి కాదు."

ప్రేమయ్య గోరుతో గీకాడు. మట్టి కింద మైనం పెచ్చులు పెచ్చులుగా లేచింది.

సన్నటి వెదురుపుల్ల దించి, అది ఆగిన చోట వేలితో పట్టి, బయటికి తీసి తుపాకి గొట్టం పక్కన పెట్టి చూశాడు. నాలుగు వేళ్ళ తేడా.

సుత్తి దూరంగా పెట్టాడు. తుపాకి మూతి గుట్టవైపు తిప్పాడు.

"మందూ ఉండాది, గుండూ ఉండాది" అన్నాడు.

శేషన్న తుపాకిని చూడటం లేదు. ముసలాయన్ని చూస్తున్నాడు.

"బిరడా సంగతి నీకెట్ల తెలుసు?"

"పెట్టింది నేనే."

"పేరేంది?"

"కంబన్న."

ఆ పేరు శేషన్న చిన్నప్పటి నుంచీ విన్నదే. మిద్దింటివాళ్ళ దగ్గర కావలి ఉండి, వాళ్ళ తుపాకి ఎత్తుకుపోయి అమ్ముకున్నానని ఒప్పుకుని, మూడేండ్లు జైల్లో ఉన్న మనిషి. మిద్దింటివాళ్ళకూ శేషన్న ఇంటికీ ఏనాడూ పడలేదు. వాళ్ళు ఆస్తి తెగనమ్మి బళ్ళారికి పోయి పదేండ్లయింది. అయినా దొంగ దొంగే.

"అమ్మినానని చెప్పి ఈడ పూడ్చినావా? ఎందుకు?"

"ఇప్పుడెందుకులే నాయనా." ముసలాయన అతని ముఖంలోకి చూశాడు. "నువ్వు మారెన్న కొడుకువి కదా. పోలిక ఉండాది."

"నా పోలికతో నీకేం పని? ఎందుకొచ్చినావు?"

"ఇన్నాళ్ళూ ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో చేసినా. ఇంక చేత కాదు. ఊరి బయట కొట్టం ఏసుకుంటా. మునసబు నువ్వేనంట. నువ్వు సరే అంటే చాలు."

"జైలుకు పోయొచ్చిన దొంగకు ఈ ఊర్లో తావు లేదు. ఆదోని బస్సు వచ్చే పొద్దయింది. ఎక్కు."

ప్రేమయ్య మెల్లగా అన్నాడు. "మునసబు గారూ, ఆయన చెప్పకుంటే ఈపాటికి నా చేయి ఉండేది కాదు. మీరూ పక్కనే ఉండారు."

"నువ్వు గొట్టం వెతికి పోతావు. ఊరు చూసుకోవాల్సింది నేను."

కంబన్న ఇంకోమాట అడగలేదు. మూట ఎత్తుకున్నాడు. నాలుగడుగులు వేసి ఆగాడు.

"మీయమ్మ బాగుండాదా?"

"ఉండాది."

"సరే" అని తల ఊపి, బస్సెక్కి పోయాడు.

ప్రేమయ్య తుపాకి గొట్టంలో నీళ్ళు పోసి మందు నానబెట్టాడు. శేషన్న రిపోర్టు రాశాడు. 'పాత నేరస్థుడు కంబన్న పూడ్చిపెట్టిన దొంగసొత్తు' అని రాసి, సంతకం చేసి, తుపాకితో పాటు తలారి చేత పోలీసు స్టేషనుకు పంపాడు.

ఇంటికి పోయి జొన్నరొట్టె తింటూ జరిగింది తల్లికి చెప్పాడు.

మహాదేవమ్మ పెనం దించేసింది.

"బస్సెక్కినాడా?"

"ఎక్కించి పంపినా."

"ఆదోనిలో యాడుంటాడు?"

"నేనడగలేదు. దొంగ యాడుంటే మనకేందమ్మా?"

"ఆయప్ప దొంగ కాదురా."

"తానే ఒప్పుకున్నాడు కదా."

"తుపాకి తిరిగిస్తే మిద్దింటోళ్ళు ఇంకొకని చేతికిస్తారని, అమ్మేసినానని చెప్పినాడు. నిజం బయటపడితే వాళ్ళు ఆయప్పను బతకనియ్యరని మీ నాయన చచ్చేదాకా నోరు మెదపలేదు. నన్నూ మెదపొద్దన్నాడు."

"ఇంకొకని చేతికిచ్చేదేంది? ఏం చేసేకి?"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, కొడుకు ఎదురుగా కూర్చుంది.

"నీకప్పుడు రెండేండ్లు. మీ నాయన నిన్ను ఒళ్ళో పెట్టుకుని సంతకు బండి తోలుకుని పోతాండె. ఆ పొద్దు మీ నాయన్ని కాల్చేకి మిద్దింటోళ్ళు గుట్ట కాడ కూచోబెట్టిన మనిషి కంబన్నే."