టేపులు మార్చిన మనిషి

ఆ వారంలో మూడోసారి టేపులు మారాయి.

కొట్టాల్సిన చెట్లకు కట్టిన పింక్ టేపు పక్కనున్న వేరే చెట్లకు కనబడింది. ఈ ఏడే హిమురో టేపుల మీద నంబర్లు వేయించాడు కాబట్టి సంగతి బయటపడింది. లేకపోతే ఎవరికి తెలుస్తుంది?

కురోసే టౌన్ ఆఫీసులో అడవుల సీటు అతనిది. అక్కడ మూడేళ్ళకోసారి సీట్లు మారుస్తారు. మొన్న ఏప్రిల్ దాకా పన్నుల నోటీసులు పంపుకుంటున్నవాణ్ణి తెచ్చి కొండమీద పడేశారు. ఎక్కీ దిగీ మోకాళ్ళు పట్టేశాయి.

వచ్చే నెల తనిఖీ. ఆఫీసుతో ఏ సంబంధమూ లేని మనిషి వచ్చి, ఊరి అడవిని పద్ధతిగా చూసుకుంటున్నారని ఒప్పుకుంటేనే ఇక్కడి దుంగల మీద ముద్ర పడుతుంది. ముద్ర లేని దుంగను ఒసాకా కుర్చీల కంపెనీ కొనదు. కొనకపోతే ఊళ్ళో ఉన్న ఒక్క సామిల్లూ మూతపడుతుంది.

మర్నాడు తెల్లవారగానే కాపు కాశాడు. రబ్బరు బూట్ల ముసలాయన టేపుతో సహా దొరికిపోయాడు. ఎప్పుడూ చూసిన మొహం కాదు.

"ఏం తాతా, నీ పెరడనుకున్నావా? ఇది ఊరి అడవి."

"ఊరిదే. అందుకే చెప్తున్నా. ఆ వాగొడ్డు చెట్టు కొట్టకు నాయనా, మట్టి జారుతుంది. దాని వెనక వంకరది కొట్టుకో."

"ఏది కొట్టాలో కంప్యూటరు లెక్క కట్టింది."

"కంప్యూటరు తలెత్తి చెట్టుకేసి చూడదు కదా."

హిమురోకి వాదించే ఓపిక లేదు. ఆఫీసుకు తీసుకెళ్ళి క్షమాపణ పత్రం ముందు పెట్టాడు. ఇకమీదట అడవిలో కాలు పెట్టనన్న మాట అందులో ముందే అచ్చువేసి ఉంది.

ముసలాయన కళ్ళజోడు పెట్టుకుని, కింద ఉన్న 'కారణం' గడి నిదానంగా నింపాడు. జేబులోని చిన్న తిత్తిలోంచి తన పేరు ముద్ర తీసి, సంతకం బదులు కొట్టాడు.

ముద్ర సరిగ్గా పడిందో లేదో చూసుకుని హిమురో ఫైల్లో పెట్టేశాడు. ఆ ఆఫీసులో చూసేది ముద్రనే. రాసింది ఎవడు చదువుతాడు?

చెట్లు నంబర్ల ప్రకారం కొట్టించాడు. ఒక్కటీ తప్పలేదు.

తనిఖీకి తకిగావా అనే ఆవిడ వచ్చింది. ముందు కిందటేళ్ళలో చెట్లు కొట్టిన వాలంతా తిరిగింది.

"ఆరేళ్ళుగా వస్తున్నాను. ఇంత చక్కగా చెట్లు ఏరడం ఇంకెక్కడా చూళ్ళేదు."

హిమురోకి ప్రాణం లేచొచ్చింది.

ఈ ఏడు కొట్టిన చోటికి వచ్చాక ఆవిడ వాగులోకి వంగి చూసింది. వాగొడ్డున మట్టి జారి నీళ్ళు బురదగా పారుతున్నాయి.

"చెట్లు ఏరే మనిషి మారాడా?"

"లేదండీ, ఏటా అదే కంప్యూటరు."

"కాదు హిమురో గారూ. అక్కడ ఏరిన చెయ్యి వేరు. ఆయన్ని పిలిపించి ఇకమీదట కొట్టే చెట్లు ఏరించండి. లేకపోతే ఈసారి నేను ఒప్పుకోలేను."

టేపులు ఎన్నేళ్ళ నుంచి మారుతున్నాయో హిమురోకి అప్పుడు తట్టింది.

ఫైల్లోని ఆ పత్రం తీసుకుని, దాని మీది అడ్రసు వెతుక్కుంటూ కనుమ అవతలికి వెళ్ళాడు. ఇవాకురా అనే ఆ ముసలాయన చూరు కింద ముల్లంగి దుంపలు తాడుకు కట్టి ఎండబెడుతున్నాడు.

"తప్పయిపోయింది, ఇవాకురా గారూ. మీరు రావాలి."

"కాలు పెట్టనని రాసిచ్చాను కదా నాయనా."

"ఆ కాగితం ఇప్పుడే చించేస్తానండీ."

"చించు. కొట్టేసిన చెట్లు లేస్తాయా?" ముసలాయన ఇంకో ముల్లంగి తాడుకు కట్టాడు. "చించేముందు ఒకసారి చదువు. ఆ రోజు నువ్వు చదవలేదు."

హిమురో గుమ్మంలో కూర్చుని, 'కారణం' గడి మొదటిసారి చదివాడు.

"నలభై రెండేళ్ళ కిందట మా తాతల నాటి ఈ కొండను ఊరికి రాసిచ్చినప్పుడు, బతికున్నన్నాళ్ళూ దీన్ని నేనే చూసుకుంటానని కూడా రాసిచ్చాను."