మాంసం మానేసిన పిల్లి

ఒక పెరట్లో పిల్లి మాంసం మానేసింది. తల్లి ఎలుక ఏడుపు విన్న రోజునుంచి దానికి ముద్ద దిగలేదు.

"మరి ఏం తిని బతుకుతావే?" అంది కోడి.

"పాలు తాగుతానత్తా. పాల కోసం ఎవరి ప్రాణమూ తియ్యక్కర్లేదు కదా."

"మంచిదే. ఆ మాట మా పిల్లలకి కాస్త దూరంగా జరిగి చెప్పు."

పాలు దూడవి కాబట్టి దాన్నొక మాట అడగాలని పిల్లి పాకలోకి వెళ్లింది. యజమాని పాలు పితుకుతున్నాడు. గేదె దూడని నాకుతోంది.

"తమ్ముడూ, నాకో గుక్కెడు ఇస్తావా?"

దూడ పలకలేదు. పిల్లి కాలితో తట్టి చూసింది. పొట్ట దగ్గర కుట్టు ఊడి గడ్డి బయటికొచ్చింది.

పిల్లి గేదె వైపు తిరిగింది. "వదినా, ఇది ఉత్త తోలు. లోపల గడ్డి కూరారు."

"మెల్లిగా అనవే," అంది గేదె నాకుతూనే. "మగదూడ అని వాడికి కడుపునిండా పాలు వదల్లేదు. మూడో వారం పోయాడు. దూడ లేకపోతే నేను పాలు చేపనని వాడి తోలే తెచ్చి ముందు పెట్టారు."

"తెలిసే నాకుతున్నావా?"

"వాసన వాడిదే కదే."

యజమాని రోజూలాగే పిల్లికి చిప్పలో పాలు పోసి వెళ్లాడు. పిల్లి వాటిని ముట్టుకోలేదు. చిప్పని ముక్కుతో నెట్టుకుంటూ పోయి దూడ మూతి ముందు పెట్టింది.

అప్పుడు గేదె నాకడం ఆపింది.