ఐదు నక్షత్రాలవాడు

"మీ గది ఎంతుంటుంది?" అని అడిగారు మాస్టారు.

పళ్ళ డాక్టరు ఈ ప్రశ్న ఊహించలేదు. మనిషెత్తు స్పీకర్ల జతను అప్పటికే మనసులో తన పడగ్గదిలో నిలబెట్టేసుకున్నాడు.

"పదడుగులు. అటూ పదే, ఇటూ పదే."

"అయితే ఇవి వద్దు. అరలో పట్టే చిన్నవి చాలు. అంత గదిలో ఇవి పెడితే పాట వినబడదండీ, మోత వినబడుతుంది."

"నేను కొనలేననుకుంటున్నారా?"

"కొనగలరు కాబట్టే చెబుతున్నా."

బిల్లుల బల్ల దగ్గర కూర్చున్న మాస్టారి భార్య తల పట్టుకుంది.

ఆయన నిజానికి మాస్టారు కాదు. ఆడియో పరికరాలు, కెమెరాలు అమ్మే కొట్టు ఆయనది. వచ్చినవాళ్ళకి పాఠం చెప్పి పంపిస్తారని ఆ పేరు వచ్చింది. పసిపిల్ల ఫొటోల కోసం మూరెడు లెన్స్ అడిగితే, "ముందు ఈ చిన్నదాంతో ఏడాది తియ్యండి" అంటారు. సరుకు తెప్పించడం, బిల్లు రాయడం ఆవిడ పని. బిల్లు రాసే అవసరం రాకుండా చూడడం ఆయన పని.

"ఆన్‌లైన్‌లో ఎవడూ ఇన్ని అడగడు," అని గుమ్మంలో ఓ మాట విసిరి డాక్టరు వెళ్ళిపోయాడు.

"చేతిదాకా వచ్చిన బేరం," అంది ఆవిడ. "రేపు కొట్టు మూసేస్తే మీ పాఠాలు గోడలకి చెప్పుకుందురుగాని."

"మూడేళ్ళుగా అదే మాట. మూశామా? నిజం చెప్పి పంపితే మనిషి మళ్ళీ వస్తాడు. అందుకే నడుస్తోంది."

ఆవిడ బిల్లుపుస్తకం మూసి వెనకగదిలోకి వెళ్ళింది.

డాక్టరు నిజంగానే మళ్ళీ వచ్చాడు, పదిరోజుల తర్వాత. కొనడానికి కాదు, చెప్పడానికి.

"అవే స్పీకర్లు తెప్పించేశాను మాస్టారూ. ఆన్‌లైన్‌లో ఒకడున్నాడు. అందరూ ఐదేసి నక్షత్రాలు ఇచ్చారు. ఒక్క ప్రశ్న అడగలేదు. పెట్టె కూడా ఎంత పొందిగ్గా కట్టాడో."

"మరి ఎలా వినబడుతున్నాయి?"

డాక్టరు కాస్త నసిగాడు. "మోతగానే ఉందనుకోండి. గోడ పడగొట్టించి గది పెద్దది చేయిస్తున్నా."

అతను వెళ్ళాక మాస్టారు చాలాసేపు కుదురుగా కూర్చోలేకపోయారు. ఈ నెలలో ఆ ఐదు నక్షత్రాలవాడి పేరు వినడం నాలుగోసారి. తను వద్దని పంపిన ప్రతివాడికీ వాడే అంటగడుతున్నాడు.

"గది ఎంతో అడగడు. చెవి ఎలాంటిదో అడగడు. మనిషేనా వాడు?"

"ఏదో ఇల్లు గడవడానికి చేసుకుంటున్నాడేమోలెండి," అంది ఆవిడ. "ఇంట్లో ఎవరున్నారో, ఏం అవస్థలో."

"వాణ్ణి వెనకేసుకొస్తావేమిటి? అసలు సరుకే పంపుతున్నాడో, నకిలీవో. తేల్చేస్తాను."

మాస్టారు తన ఫోన్ తీశారు. జన్మలో ఆన్‌లైన్‌లో దారప్పోగు కొనని మనిషి, కళ్ళజోడు పైకి తోసుకుని, పెదాలు కదుపుతూ చదువుకుంటూ, ఒక్కో గడీ నింపడం మొదలుపెట్టారు.

"వద్దండీ," అంది ఆవిడ. "వాడి గొడవ మనకెందుకు?"

"హెడ్‌ఫోన్లు ఒక జత. అంతే. ఇంటికే పంపమన్నాను. కొట్టు పేరు చూస్తే జాగ్రత్తపడిపోతాడు." ఆఖరి మీట నొక్కి, గెలిచినవాడిలా ఫోన్ బల్లమీద పెట్టారు. "పార్సిల్ రానీ. ఆ కట్టిన తీరు చూసి చెప్పేస్తాను, వాడెలాంటివాడో."

ఒంటిగంటకి ఆయన భోజనానికి వెళ్ళారు.

ఆవిడ వెనకగది తలుపు దగ్గరగా వేసి, హెడ్‌ఫోన్ల పెట్టెకి మూడు పొరల కాగితం చుట్టి, ఇన్నేళ్ళూ బిల్లులు రాసిన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో తమ ఇంటి చిరునామా రాసింది.