తిప్ప మీద కేకలు

"తల దించు బావా. ఎవడో వస్తున్నాడు."

పక్క గోతిలోంచి హడ్సన్ గొణిగాడు. అంబ్రోస్ తలతో పాటు కళ్లు కూడా దించేశాడు.

ఉత్తరాన మంచు దేశంలో, కోయుకుక్ నది మధ్యలో ఇసుక తిప్ప అది. చెట్టు లేదు, పుట్ట లేదు. అలాంటి చోట అడవి బాతుల కంట పడకుండా దాక్కోవడమంటే మాటలు కాదు.

తెల్లవారుతూనే బావా బావమరుదులు మనిషి పొడుగున రెండు గోతులు తవ్వారు. తడి ఇసుక నల్లగా కనబడితే గుట్టు రట్టవుతుందని, తవ్వినదంతా మోసుకెళ్లి నీళ్లలో పోశారు. మొహాలకు మసి పూసుకుని, గోతుల్లో పడుకుని, పాత పరదాగుడ్డ కప్పుకుని, దాని మీద పొడి ఇసుక చల్లుకున్నారు.

ఇక పక్కనుంచి నడిచి వెళ్లినా అక్కడ మనుషులున్నారని తెలియదు.

ఇంట్లో ఎండు చేపలు అయిపోయి వారమైంది. చలికాలం పోయాక దొరికే మొదటి మాంసం ఈ బాతులే. ఈ నెలల్లో వాటిని కొట్టకూడదని ఎక్కడో కూర్చున్న పెద్దలు చట్టం చేశారు. వేట ఆఫీసరుకి దొరికితే తుపాకీ పోతుంది. పోయిన ఏడు హడ్సన్ తుపాకీ అలాగే పోయింది. ఇప్పుడు రెండిళ్లకీ కలిపి మిగిలింది అంబ్రోస్ తుపాకీ ఒక్కటే.

"ఎవరు?"

"ఇంకెవరు? లవీన్ అవ్వ ఇంట్లో దిగిన తెల్లోడు."

ఆ మనిషి ఊళ్లోకి వచ్చి నాలుగు రోజులైంది. పేరు హేవర్డ్ అన్నాడు. బాతుల్ని లెక్కపెట్టడానికి వచ్చానన్నాడు. ఊరంతా నవ్వుకుంది.

"బాతుల్ని లెక్కపెడతాడో, మన తుపాకుల్ని లెక్కపెడతాడో" అంది అంబ్రోస్ భార్య.

లవీన్ అవ్వ తప్ప ఎవరూ అతనికి గుక్కెడు టీ కూడా ఇవ్వలేదు.

ఇప్పుడు హేవర్డ్ గట్టు మీద నిలబడి చేతులూపుతున్నాడు.

"బయటికి రండి. పైన మంచు తెగింది. ఏరు వచ్చేస్తోంది."

"విన్నావా?" అన్నాడు అంబ్రోస్.

"విన్నా. భలే ఎత్తు వేశాడు."

"నిజమైతే?"

"పై వంపులో మంచు అడ్డం పడి మూడు రోజులేగా అయింది. ఇంకో రెండ్రోజులు ఆగుతుంది. పుట్టినకాడి నుంచి చూస్తున్నాం, మనకి తెలీదా?"

అదీ నిజమే. పైన మంచు గోడలా అడ్డం పడి కింద నీళ్లు తీయబట్టే తిప్ప ఇంత మేర బయటపడింది. బాతులు దిగేది కూడా అందుకే.

"మీ తుపాకీ నాకక్కర్లేదు. ముందు లేవండి" అని హేవర్డ్ మళ్లీ అరిచాడు.

హడ్సన్ నవ్వాపుకున్నాడు. "మనం తుపాకీ ఊసు ఎత్తామా? చూశావా, ఎలా బయటపడ్డాడో."

నీళ్లు చిమ్మిన చప్పుడైంది. హేవర్డ్ గట్టు దిగి, నడుం లోతు మంచు నీళ్లలో ఈదులాడుతూ తిప్ప మీదికి వచ్చాడు.

ఇసుకలో బూట్లు కరకరలాడాయి. అంబ్రోస్ గోతికి బారెడు దూరంలో ఆగాయి. చలికి అతని పళ్లు కొట్టుకోవడం అంబ్రోస్‌కి స్పష్టంగా వినబడింది.

"ఎక్కడున్నారయ్యా... నాకు కనబడటం లేదు."

ఆ గొంతులో ఏడుపు ఉంది. వల వేసేవాడి గొంతులా లేదు. అంబ్రోస్ మోచేయి ఆనించి లేవబోయాడు.

"తుపాకీ పోతుంది బావా" అని హడ్సన్ గుసగుసగా అన్నాడు.

అంబ్రోస్ మళ్లీ పడుకున్నాడు. బూట్ల చప్పుడు తిప్ప అవతలి కొసకి సాగిపోయింది.

కాసేపటికి వీపు కింద ఇసుక అదిరింది.

ఇద్దరూ ఒక్కసారిగా లేచారు. ఎగువన వంపు దగ్గర నీళ్లే కనబడటం లేదు, ఇళ్లంత మంచు గడ్డలు ఒకదాని మీదొకటి ఎక్కుతూ వస్తున్నాయి. ఎలా పరుగెత్తారో వాళ్లకే తెలియదు. తిప్ప ఈ కొసన దుంగల వెనక దాచిన పడవలో పడ్డారు.

హేవర్డ్ అప్పటికి తిప్ప చివర ఉన్నాడు. ఇటు వీపు పెట్టి, కొట్టుకొచ్చిన దుంగల మధ్య వంగి వెతుకుతున్నాడు, వాళ్ల కోసమే.

"అయ్యా, ఇటు. ఇక్కడున్నాం" అని అంబ్రోస్ గొంతు చించుకున్నాడు.

హేవర్డ్ తిరిగి చూశాడు. రెండు చేతులూ ఎత్తి, పొండి పొండి అన్నట్టు గట్టు వైపు విసిరాడు.

"పడవ తిప్పు హడ్సన్."

"తిరగట్లేదు బావా. తెడ్డు నిలవట్లేదు."

వాళ్లకీ అతనికీ మధ్య అప్పటికే మంచు పరుచుకుంది. ప్రవాహం పడవని గట్టుకి ఈడ్చి కొట్టింది. ఒడ్డున నిలబడి చూడటం తప్ప వాళ్లు చేయగలిగిందేమీ లేకపోయింది. హేవర్డ్ నిలబడ్డ చోటు చాపంత అయింది. ఆ తర్వాత అదీ లేదు.

ఊరి దారిలో హడ్సన్ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "పాపం, నిజంగానే బాతుల్ని లెక్కపెట్టేవాడు. ఆఫీసరని మనమే ముద్ర వేసేశాం."

లవీన్ అవ్వ గుమ్మంలో కూర్చుని ఉంది. అంబ్రోస్ జరిగింది చెప్పాడు.

"ఆఫీసరనుకున్నామవ్వా. అందుకే లేవలేదు. అన్యాయంగా చంపుకున్నాం."

అవ్వ గుప్పిట బిగించింది.

"పొద్దున రేడియోలో విన్నాడు, మంచు తెగిందని. ఊళ్లో మగాడన్నవాడు లేడు. అంబ్రోస్, హడ్సన్ తిప్ప మీదున్నారయ్యా అన్నా. తెలుసు, రోజూ పడవ వెళ్లడం చూస్తూనే ఉన్నానన్నాడు. చూసి ఊరుకున్నాడురా."

"చూసి ఊరుకోవడమేంటవ్వా?"

అవ్వ గుప్పిట విప్పింది. "ఇవాళ్టికి నేను ఆఫీసర్ని కాదవ్వా" అంటూ హేవర్డ్ చొక్కా లోపలి నుంచి తీసి ఇచ్చి వెళ్లిన వేట ఆఫీసరు బిళ్ల ఆమె అరచేతిలో ఉంది.