రేకు డబ్బా

టైలరమ్మ మొదటిసారి తేనె తీసిన రోజునే ఒక ముసలాయన గేటు దగ్గర కనిపించాడు.

దోమతెరతో తనే కుట్టుకున్న ముసుగు తగిలించుకుని, ఎలాగో రెండు సీసాలు నింపిందామె. ఈ విద్యలో ఇంకా ఓనమాల దగ్గరే ఉంది. కానీ సూదిలో దారం ఎక్కించలేని కళ్ళకి ఇక ఆ తేనెపెట్టే ఆధారం.

మూడు నెలల క్రితం, మూతపడ్డ మిల్లు గోడలో కనపడిన తేనెపట్టును, ఎవరిదీ కాదు కదా అని కోసి, పెట్టెలోని చెక్క చట్రాలకి దారంతో కట్టి, ఈగలతో సహా తెచ్చుకుంది. పెట్టె అమ్మినవాడు చెప్పినట్టే దాని నాలుగు కాళ్ళ కిందా నాలుగు నీళ్ళ గిన్నెలు పెట్టింది.

"అంతా తీసెయ్యకమ్మా. వాటికీ కాస్త ఉంచు," అన్నాడు ముసలాయన.

"నీకూ కాస్త ఉంచమంటావా తాతా?" అంది వెటకారంగా.

ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆమెకి ఎందుకో పెందలాడే మెలకువ వచ్చింది. తలుపు తీసేసరికి ఆయన పెట్టె దగ్గర వంగి ఉన్నాడు. చేతిలో రేకు డబ్బా.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"తెల్లారకముందే దొంగతనానికి బయల్దేరావా?"

"కాదమ్మా, చీమలు..."

"నువ్వూ చీమలూ ఒకటే. తీపి వాసన తగిలితే చాలు, వచ్చి వాలిపోతారు!"

డబ్బా లాక్కుని మూలకి విసిరేసింది. ఆయన ఒకసారి పెట్టె వైపు చూసి, తల దించుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజే గేటుకి తాళం పడింది.

పది రోజులు తిరిగేసరికి పెట్టెలో చప్పుడు ఆగిపోయింది.

మూత తీస్తే ఒక్క ఈగ లేదు. తేనెపట్టు నిండా చీమలు. మిగిలిన తేనెనీ, కళ్ళు తెరవని పిల్లల్నీ తినేస్తున్నాయి.

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. అప్పుడు కనిపించాయి గిన్నెలు. నాలుగూ ఎండిపోయి ఉన్నాయి.

పెట్టిన రోజు తప్ప వాటిలో మళ్ళీ నీళ్ళు పోసిన గుర్తు లేదామెకి. మరి ఇన్నాళ్ళూ ఎలా నిండి ఉన్నాయి?

మూలన పడి ఉన్న డబ్బా తీసి వాసన చూసింది. తేనె వాసన లేదు. అడుగున ఎండిన నీటి చార మాత్రం ఉంది.

డబ్బా పట్టుకుని వీధి వీధీ అడుగుతూ వెళ్ళింది. చివరికి మిల్లు కాపలాదారు గుర్తుపట్టాడు.

"ఇది మా ముసలాయనదే. ఇక్కడే షెడ్డులో ఉండేవాడు. జ్వరంతో మొన్న మంగళవారం పోయాడమ్మా."

"ఆయన్ని దొంగ అన్నాను బాబూ," అందామె.

"దొంగా? ఈ గోడలో తేనెపట్టు మీదే ఇరవై ఏళ్ళు బతికాడు. దాన్నే ఎవరో పెట్టెలో పట్టుకుపోయారు."

"వాళ్ళని బాగా తిట్టుకున్నాడా?"

"లేదమ్మా. 'తీసుకెళ్ళినావిడ కొత్తది, గిన్నెల్లో నీళ్ళు పోయడం మరిచిపోతోంది' అంటూ రోజూ తెల్లారేసరికి ఈ డబ్బా నింపుకుని వెళ్ళేవాడు."