ఆ ఒక్కడి కోసం

ఒక పాతకాలం ప్రాసెసర్ మీద ఆపరేటింగ్ సిస్టమ్ నడవడానికి దాని గుండెకాయలాంటి కెర్నల్ కోడ్‌ని సెలవుల్లో కూర్చుని సరిచేసేది నేనొక్కణ్ణే. వాడేవాళ్లు ఒక్కరు మిగిలినా ఆ కోడ్ తీసెయ్యకూడదన్నది మా బృందం నియమం.

వదిలించుకుందామని ఏటా వాడేవాళ్లందరికీ మెయిల్ పెట్టేవాణ్ణి, "ఇంకా ఎవరైనా వాడుతున్నారా?" అని. ఏటా ఒకే ఒక్క పెద్దమనిషి జవాబిచ్చేవాడు: "నేనున్నానండీ! మీ కొత్త కోడ్ నా మెషీన్ మీద బ్రహ్మాండంగా నడుస్తోంది."

పన్నెండేళ్ల సెలవులన్నీ మింగేశాడు, మహానుభావుడు.

ఈసారి ఒళ్లుమండి ఫోన్ చేశాను. "అసలు ఆ డొక్కు మెషీన్‌తో ఏం చేస్తారండీ మీరు?"

ఆయన నసిగాడు. "ఏం చేస్తానండీ... మీ కోడ్ వచ్చినప్పుడల్లా అటక మీంచి దింపి, నడిపి చూసి, మళ్లీ ఎక్కిస్తా. నడుం విరుగుతోందనుకోండి. ఎవరూ వాడట్లేదని చెబితే మీరు నొచ్చుకుంటారేమోనని ఊరుకున్నా."